రెండు పూతల రాళ్ళు

పేలుడు జరిగింది ఉదయం అయిదూ నలభైకి. గైడు ఇవజ్‌అలీ పోలీసు చౌకీకి వచ్చి చెప్పింది ఆరూ ఇరవైకి. అతని ఇంటి నుంచి చౌకీకి నడిస్తే పదిహేను నిమిషాలు. మిగతా పాతిక నిమిషాలు ఏం చేశాడో మధ్యాహ్నం పన్నెండు దాటినా అతను చెప్పలేదు.

లెఫ్టినెంట్ మాహ్‌రుఖ్ ఆ లెక్కని నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసింది. గీసిన చోటే మళ్ళీ ఇంకోసారి గీసింది. బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న ఇవజ్ అది చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ మేజర్ రోయీన్ చూశాడు.

రోయీన్ గూఢచార శాఖవాడు. మాహ్‌రుఖ్ నేర పరిశోధన విభాగం. ఇద్దరూ పొద్దున్నే ప్రావిన్సు పట్నం నుంచి వేరువేరు బళ్ళలో ఈ లోయకి వచ్చారు. అతను పావుగంట ముందొచ్చాడు. ఆ పావుగంటలోనే ఇవజ్ కింది పెదవి చిట్లింది.

"ఆ పాతిక నిమిషాలూ ఎక్కడున్నావు ఇవజ్?" అంది మాహ్‌రుఖ్.

"భయమేసింది సాహిబా. కాళ్ళు ఆడలేదు."

"చనిపోయిన ఆ విదేశీయుడికి రాత్రి ఏం చెప్పావు?"

"తెల్ల రాళ్ళ మధ్య నుంచే నడవమన్నాను. ఎర్ర రాయి కనపడితే అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి రమ్మన్నాను. నాలుగుసార్లు చెప్పాను. నవ్వి, నాలుగుసార్లూ నా భుజం తట్టాడు."

"నువ్వెందుకు వెంట వెళ్ళలేదు?"

"వెళ్దామనే అనుకున్నా. రష్యావాళ్ళ ట్యాంకు మీద మొదటి ఎండ పడేటప్పుడు ఫోటో కావాలని ముందే లేచి పోయాడు. నేను నమాజు ముగించి టీ పెట్టించుకుంటున్నా..."

అక్కడ ఆగిపోయాడు. నోట్లోంచి రాకూడనిదేదో వచ్చినట్టు పెదాలు బిగించాడు.

"టీ ఎవరు పెట్టారు?"

ఇవజ్ చిట్లిన పెదవిని నాలుకతో తడుపుకున్నాడు.

"మీ అమ్మా?"

"అమ్మకి కళ్ళు సరిగ్గా కనపడవు. పొయ్యి దగ్గరికి పోనివ్వం."

"మరి ఎవరు?"

రోయీన్ గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి, బెంచీ మీద ఇవజ్ పక్కనే, పాత స్నేహితుడిలా కూర్చున్నాడు.

"చూడు తమ్ముడూ. ఇంట్లో మీ అమ్మ, నువ్వు, ఆ విదేశీయుడు. ముగ్గురు. కానీ మా వాళ్ళు వెళ్ళేసరికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద నాలుగు గ్లాసులున్నాయి. ఆ నాలుగోవాడు కొండల్లోంచి దిగొచ్చాడు కదూ? దారిలో కొత్త మందుపాతర పెట్టి, నీ ఇంట్లోనే టీ తాగి పోయాడు. ఎంతిచ్చాడు నీకు?"

"ఎవరూ రాలేదు మేజర్ సాహెబ్."

"అయితే ఆ గ్లాసు ఎవరిది?"

ఇవజ్ చెవులు ఎర్రబడ్డాయి. భయం కాదది. సిగ్గు. మాహ్‌రుఖ్‌కి ఆ ఎరుపు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె తండ్రి బతికినన్నాళ్ళూ పరాయి మగవాళ్ళ ముందు తల్లి పేరు ఎత్తలేదు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కూడా గుమాస్తా అడిగితే "పిల్లల తల్లి" అనే రాయించాడు. ఈ లోయలో మగవాడు చావనైనా చస్తాడు కానీ భార్య పేరు చౌకీలో పలకడు. మేజర్‌కి ఆ సంగతి తెలియక కాదు. కానీ అతనికి నాలుగోవాడు కావాలి.

"ఇవజ్, పెళ్ళయిందా నీకు?" అని అడిగింది.

అతను తలెత్తి చూసిన చూపులో బతిమాలడం ఉంది. అడగొద్దు అన్నట్టు. ఆమె నోటుబుక్కు మూసేసింది.

*

వసారాలోకి రాగానే రోయీన్ వెనకే వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఒక మూల నల్లగా కాలింది.

"చచ్చినవాడి కోటు జేబులో దొరికింది చెల్లెమ్మా. సంతకం చూశావా? భలే గుండ్రంగా ఉంది."

చూడక్కర్లేదు. విదేశీయుల అనుమతి పత్రాలు కూడా ఆమె చేతి మీదుగానే పోతాయి. మంగళవారం పదకొండు గంటలకి తన టేబులు మీద తానే పెట్టిన సంతకం అది. తోబియాస్ అనే ఆ పళ్ళ డాక్టరు ఎదురు కుర్చీలో కూర్చుని, భుజం సంచీ మీద కుట్టించుకున్న జెండా గుడ్డలు చూపించాడు. తొమ్మిది దేశాలు. తొమ్మిదింట్లోనూ యుద్ధం. సెలవులకి జనం సముద్రానికి పోతారట, తను బాంబులు పడ్డ చోటికి పోతాడట. "పదోది మీది," అన్నాడు. ఆమె నవ్వింది. ఏదో ఒకటి చూడ్డానికి తమ దేశం దాకా వచ్చాడు కదా అన్న చిన్న సంతోషం కూడా కలిగింది, నిజం చెప్పాలంటే. అనుమతి పత్రం రాసి, దానికి లోయ మ్యాపు జిరాక్స్ కాపీ జతచేసి ఇచ్చింది.

"అసలు మ్యాపు మా ఆఫీసులో కూడా ఉంది," అన్నాడు రోయీన్. "అందులో ట్యాంకు చుట్టూ మందుపాతరల గుర్తుగా ఎర్ర గీతలు దట్టంగా ఉంటాయి. నీ కాపీలో చూడు. ఒక్క గీత కూడా లేదు. తెల్ల కాగితం. పిక్నిక్కి పొమ్మన్నట్టుంది."

"మా పాత జిరాక్స్ మిషనుకి ఎరుపు పడదు," అంది. "ఎప్పుడూ పెన్నుతో మళ్ళీ గీసి ఇస్తాను."

"మంగళవారం గీశావా?"

గీయలేదు. పొద్దున్నుంచీ కరెంటు లేక, వచ్చాక ఒక్కసారే కాపీలన్నీ తీసి పెట్టుకున్నానని మాత్రం అతనికి చెప్పింది. బయట జనం. తర్వాత గీద్దామనుకుంది. తోబియాస్ జెండాలు చూపిస్తుంటే ఆ మాటే మర్చిపోయింది.

"నాలుగు గంటలకి విదేశీ సైన్యం హెలికాప్టర్ వస్తుంది," రోయీన్ కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "శవాన్ని తీసుకుపోతారు. దాంతోపాటు నేరస్థుణ్ణి కూడా కాబూల్ తీసుకుపోతాం. పైవాళ్ళకి కావలసింది ఒక పేరు. ఇవజ్‌అలీ పేరు బాగానే ఉంది. అప్పగింత కాగితం మీద నువ్వు సంతకం పెట్టు, ఈ మ్యాపు నా జేబులోనే పాతబడి పోతుంది."

"పెట్టకపోతే?"

"అప్పుడు పైవాళ్ళకి నీ పేరు ఇస్తాను. నాకు రెండూ ఒకటే."

"అతను చంపాడని మీరు నిజంగా నమ్ముతున్నారా మేజర్ గారూ?"

"నమ్మకం మసీదులో పని. నేను నివేదికలు రాస్తాను."

"అతన్ని ఉరితీస్తారు."

"తీస్తారు. అందుకే నాలుగు దాకా ఆలోచించుకోమంటున్నా. అంతా ఆలోచించి చేయడం నీకు అలవాటేగా."

ఆమె జీపు దగ్గరికి నడిచింది. వాచీ ఒంటిగంట చూపిస్తోంది. సార్జెంట్ ఖుదాదాద్ డ్రైవరు సీట్లో కూర్చుని ఎండు పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"ఏమంటున్నాడమ్మా మేజరు, ఆ కాబూల్ పెళ్ళికొడుకు?"

"ట్యాంకు దగ్గరికి పోనీ బాబాయ్."

"ఆయనతో గొడవ పెట్టుకోకండి. ఆయనకి పై నుంచి ఫోన్లొస్తాయి. మనకి ఇంటి నుంచి కూడా రావు."

*

రష్యావాళ్ళు వదిలిపోయిన ట్యాంకు వాలు పైన, పక్కకి ఒరిగి ఉంది. దాని దాకా సన్నటి కాలిబాట. బాటకి రెండు పక్కలా గుమ్మడికాయంత రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. మందుపాతరలు తీసే బృందం పదేళ్ళ కింద పెట్టినవి అవి. వంపు దాకా తెల్లరంగు, అంటే శుభ్రం చేసిన నేల. వంపు దాటాక ఎర్రరంగు, అంటే అక్కడి నుంచి ఎవరూ కాలు పెట్టకూడదు.

ఇవాళ వంపు దాటాక కూడా రాళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఒకే తెలుపు, ట్యాంకు దాకా.

మాహ్‌రుఖ్ వంపు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుంది. శవాన్ని పొద్దున్నే తాళ్ళతో లాగి తీసుకెళ్ళారు. మిగిలింది గొయ్యి, చుట్టూ చెల్లాచెదురైన మట్టి. అందులో అరచేతిలో సగం ఉన్న నల్ల రబ్బరు ముక్క ఒకటి, మందుపాతర మూతది, ఆమె కాలి దగ్గరికే ఎగిరి పడింది. రుమాలుతో పట్టుకుని చూసింది. పగుళ్ళలో వేర్లు అల్లుకుని ఉన్నాయి. గడ్డి వేర్లు, ఎండిపోయి, రబ్బరులోకి దిగబడి.

"ఇది రాత్రి పెట్టిన మందుపాతర కాదు బాబాయ్."

"నా పెళ్ళినాటిదయి ఉంటుంది," అన్నాడు ఖుదాదాద్ వంగి చూసి.

ఆమె వంపుకి ఇవతలి రాయి మీద వేలు రుద్దింది. పలచగా పొడి అంటింది, దాని కింద పాత తెల్లరంగు. గట్టి పెయింటు. అవతలి మొదటి రాయి చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి చాపి రుద్దింది. వేలు తెల్లగా అయింది. వాసన చూసింది. సున్నం. గోరుతో గీకితే పెళ్ళ ఊడి, లోపల ఎరుపు కనపడింది.

ఎవరో ఎర్రరంగుని చెరిపేశారు. తను కాగితం మీద చెరిపింది, ఇక్కడ ఎవరో రాళ్ళ మీద చెరిపారు.

"ఆ నాలుగు రాళ్ళూ చూడండమ్మా," ఖుదాదాద్ వేలు చూపించాడు. గొయ్యికి ఇవతల నాలుగు రాళ్ళు గులాబీరంగులో, అలికినట్టు మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. "మేజర్ మనుషులు దాన్ని రక్తమని రాసుకున్నారు."

"రక్తం ఇప్పటికి నల్లబడేది. ఎవరో తడిగుడ్డతో సున్నం తుడిచారు. నాలుగు తుడిచేసరికి జనం వచ్చి ఉంటారు. ఆపేశారు."

"ఎవరు తుడిచారంటారు?"

"పాతిక నిమిషాలు లెక్క తేలనివాడు."

ఖుదాదాద్ పెరుగు ఉండని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకున్నాడు. "అయితే వేసింది కూడా వాడేనా? మేజర్ సంబరపడిపోతాడు."

"వేసినవాడు తుడవడానికి అంత ప్రమాదంలోకి ఎందుకు పోతాడు? తనవాళ్ళెవరినో కాపాడుకుంటున్నాడు." ఆమె లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంది. రాళ్ళ పక్కన గడ్డి మీద సున్నపు చుక్కలు వరసగా కిందికి, ఊరివైపు దిగుతున్నాయి. ఒక్కో రాయికీ మూడు చుక్కలు, ఓపిగ్గా, చీపురు దులిపి దులిపి వేసినట్టు. "మగవాడెవడూ ఇంత శ్రద్ధగా సున్నం వేయడు బాబాయ్."

"నన్ను తిడుతున్నారా, మెచ్చుకుంటున్నారా?"

*

ఇవజ్ తల్లి తలుపు తీసి, కళ్ళు చిట్లించి, వచ్చింది ఆడమనిషే అని తేల్చుకున్నాక లోపలికి రానిచ్చింది. ఖుదాదాద్ బయటే ఆగిపోయాడు. అప్పటికి రెండున్నర.

"కోడలికి ఒంట్లో బాలేదు బిడ్డా. పడుకుంది."

"నేనూ కూర్చునే మాట్లాడతాను అమ్మా. లేవక్కర్లేదు."

లోపలి గదిలో కోడలు రైహానా పడుకుని లేదు. గోడ మూలన ఒదిగి, చేతులు శాలువాలో దాచుకుని కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. మాహ్‌రుఖ్ ఎదురుగా కూర్చుని టీ తీసుకుంది. ముసలమ్మ ఎండుద్రాక్ష గిన్నె ముందుకి తోసింది. ఇంట్లో చావులాంటిది జరిగినా వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టకుండా ఉండరు.

"చేతులు చూపించు," అంది మాహ్‌రుఖ్ మెల్లగా.

రైహానా అత్తవైపు చూసింది. తర్వాత చేతులు బయటికి తీసింది. వేళ్ళ సందుల్లో చర్మం సున్నానికి కాలి, పగిలి ఉంది.

"నూనె రాసుకోలేదా?"

ఆ ప్రశ్నకి ఆ పిల్ల ఏడ్చింది. తిట్టి ఉంటే ఏడ్చేది కాదేమో.

"ఆయన వద్దన్నాడక్కా. ఎవరికీ కనపడొద్దు, ఏం మాట్లాడొద్దు అన్నాడు. బకెట్టు బావిలో పారేశాడు. నాకేం తెలుసు? నేను పుట్టిందీ పెరిగిందీ ఇరాన్‌లో. మషద్‌లో మా నాన్న తోటమాలి. పెద్దవాళ్ళ తోటల్లో దారులకి రెండు పక్కలా రాళ్ళు పేర్చి సున్నం వేసేవాడు. ఎవరైనా పెద్ద చుట్టం వస్తున్నారంటే మళ్ళీ ఒక పూత. నేనే బకెట్టు పట్టుకునేదాన్ని."

"ఇక్కడికి ఎప్పుడొచ్చావు?"

"చలికాలంలో పెళ్ళయింది. అప్పుడు నడుంలోతు మంచు. రాళ్ళే కనపడలేదు. మొన్న మంచు కరిగాక చూస్తే కొన్ని తెల్లవి, కొన్ని ఎర్రవి, రంగులు వెలిసిపోయి. ఎవరో సగం వేసి వదిలేశారనుకున్నాను. అతిథి వస్తున్నాడు, దారి కాస్త బాగుచేయించమని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. ఆయన పట్నం పోయాడు అతిథిని తేవడానికి. వచ్చేసరికి మెచ్చుకుంటాడనుకున్నా."

"నీకెవరూ చెప్పలేదా రైహానా? ఎర్ర రాయి అంటే ఏమిటో?"

జవాబు ముసలమ్మ చెప్పింది. "ఏం చెప్తాం బిడ్డా? ఇక్కడ పుట్టిన పిల్లలకి నడక రాకముందే తెలుస్తుంది. నిప్పు కాలుతుందని ఇంటికొచ్చిన కోడలికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్తారా? దానికి తెలియదన్న ఆలోచనే రాలేదు నాకు. నా కళ్ళు బాగుంటే ఆ తెలుపు చూసి కేకపెట్టేదాన్ని." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు అతిథిని తెచ్చేసరికి చీకటి పడిపోయింది. తెల్లారి ఆ చప్పుడయ్యాకే వాడికి ఆ రాళ్ళు కనపడ్డాయి."

రైహానా మాహ్‌రుఖ్ చెయ్యి పట్టుకుంది. సున్నానికి గరుకెక్కిన వేళ్ళు. "నేను చంపానా అక్కా?"

మాహ్‌రుఖ్ ఆ వేళ్ళని రెండు చేతుల్లోకి తీసుకుంది. కాదు అంటే అబద్ధం. అవును అంటే, మరి నేను? పరాయి దేశంలో పుట్టిన పిల్లకి ఎరుపు అంటే తెలియదు. తనకి తెలుసు. తెలిసి కూడా, తర్వాత గీద్దామని ఊరుకుంది.

"ఒక్కదానివే కాదు," అంది చివరికి.

"ఆయన్ని వదిలేస్తారా? నేనొస్తాను మీతో. నన్ను తీసుకుపోండి."

"కాస్త ఆగు. మొత్తం ఎన్ని రాళ్ళకి సున్నం వేశావు? ఎక్కడ మొదలుపెట్టావు?"

"కారు ఆగే చోటి నుంచి. కింద మైదానంలో రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి కదా, అక్కడ కూడా. అతిథి కారు దిగగానే చూస్తాడని అక్కడే ముందు వేశాను. తెల్లవాటికి ఒక పూత సరిపోయింది. ఎర్రవాటికి ఆనలేదు. రంగు పైకి తేలింది. వాటికి రెండు పూతలు వేశాను."

మాహ్‌రుఖ్ టీ గ్లాసు కింద పెట్టింది. "మైదానంలో కూడా ఎర్రవి ఉన్నాయా?"

"ఉత్తరం పక్క ఓ ఏడెనిమిది."

మైదానం మధ్యలో తెల్లరాళ్ళ వలయం విదేశీ హెలికాప్టర్లు దిగడానికి శుభ్రం చేసిన చోటు. ఉత్తరం పక్క రష్యావాళ్ళ పాత కందకం, మందుపాతరలు తీయని చోటు. హెలికాప్టర్ దిగేటప్పుడు గాలి దెబ్బ తగలకుండా నిలబడాలంటే ఎవరైనా ఆ కందకం వైపే పోతారు. వాచీ మూడూ ముప్ఫై అయిదు.

"చెప్పులేసుకో. నాతో రా," అంది మాహ్‌రుఖ్. "ఏ రాయికి రెండు పూతలు వేశావో నీకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు."

*

మలుపు తిరగ్గానే మైదానం కనపడింది. గుడ్డ కప్పిన స్ట్రెచర్ మధ్యలో ఉంది. రోయీన్, ఇద్దరు జవాన్లు, వాళ్ళ మధ్య నల్ల సంచీ తలకి తొడిగిన ఇవజ్, నలుగురూ ఉత్తరం పక్క నిలబడి ఉన్నారు. దూరాన కొండ వెనక నుంచి హెలికాప్టర్ చప్పుడు అప్పుడే మొదలైంది.

జీపు వలయానికి దక్షిణాన ఆగింది. రైహానా దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క చూపులో లెక్క పెట్టింది. "వాళ్ళు దాటేశారక్కా. వాళ్ళ వెనక ఉన్నవి రెండు పూతలవే. దాటి పది అడుగులు పోయారు."

"మేజర్ గారూ, కదలకండి!"

రోయీన్ తిరిగి చూశాడు. కాలు మాత్రం కదపలేదు, మెడ ఒక్కటే తిప్పాడు. "సంతకం తెచ్చావా చెల్లెమ్మా?"

"మీరు నిలబడ్డది మందుపాతరల్లో. ఆ రాళ్ళు ఎర్రవి. పైన సున్నం వేశారు."

"ఇంకో అరగంట గడపడానికి ఇంకా మంచి కథ దొరకలేదా?"

వాదించి లాభం లేదు. ఆమె తెల్లరాళ్ళ వెంబడి, ఒక పూత రాళ్ళ వెంబడి, రైహానా వేలు చూపించిన దారిలో వలయం చుట్టూ నడిచి, అతనికి పదిహేను అడుగుల దూరంలో ఆగింది. సరిహద్దు మీద ఉన్న మొదటి రెండు పూతల రాయిని వంగి, బెల్టుకున్న కత్తితో బర్రున గీకింది. సున్నం రాలింది. రాయిని రెండు చేతులతో ఎత్తి అతనికి కనపడేలా పట్టుకుంది. ఎరుపు.

రోయీన్ ముఖంలో ఏమీ మారలేదు. చేతిలో వాకీటాకీ మాత్రం పెదాల దగ్గరికి పోయింది. "దిగొద్దు. మళ్ళీ చెప్తున్నా, దిగొద్దు. మైదానం శుభ్రంగా లేదు." హెలికాప్టర్ వాళ్ళ నెత్తిమీదికి వచ్చి, స్ట్రెచర్ మీది గుడ్డని ఒక్కసారి ఎగరేసి, ఒక పక్కకి ఒరిగి కొండ అవతలికి వెళ్ళిపోయింది.

ఎడమవైపు జవాను ఏడవడం మొదలుపెట్టాడు. గడ్డం సరిగ్గా రాని ముఖం.

"సంచీ తీయండి," అంది మాహ్‌రుఖ్. "ఆయన్ని నేల చూడనివ్వండి."

రోయీనే తీశాడు. ఇవజ్ వెలుతురుకి కళ్ళు మూసి తెరిచాడు. ముందు దూరంగా కొంగు చాటున నిలబడ్డ మనిషిని చూశాడు, తర్వాత కాళ్ళ కింద మట్టిని. మంచు కరిగిన మెత్తటి నేల. వచ్చిన అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి.

"ఎవరూ పాదం ఎత్తకండి," అన్నాడు. గొంతులో అధికారం ఉంది, బేడీలున్నవాడి గొంతులా లేదు. "నేను ముందు. వచ్చిన అడుగులోనే అడుగు. ఏడుపాపు తమ్ముడూ, కళ్ళు మసకేస్తాయి. మేజర్ సాహెబ్, మీ బూటు పెద్దది, మడమ ముందు ఆనించకండి. వేళ్ళతో దిగండి."

పది అడుగులకి పదకొండు నిమిషాలు పట్టింది. చివరి అడుగు దాటి తెల్లరాయి ఇవతలికి వచ్చాక రోయీన్ కింద కూర్చుండిపోయాడు. అగ్గిపుల్ల మూడుసార్లు గీస్తే కానీ సిగరెట్టు అంటుకోలేదు.

"సున్నం ఎవరు వేశారు?" అని అడిగాడు.

"నేను," అన్నాడు ఇవజ్.

"నేను," అంది రైహానా. ఇంతమంది పరాయి మగవాళ్ళ ముందు ఆమె గొంతు వినపడడం ఇవజ్‌కి చెంపదెబ్బలా తగిలింది. కానీ అతను ఆపలేదు.

"రాసుకోండి మేజర్ గారూ," అంది మాహ్‌రుఖ్. "అనుమతి ఇచ్చింది లెఫ్టినెంట్ మాహ్‌రుఖ్. ఎర్ర గీతలు లేని మ్యాపు ఇచ్చింది కూడా ఆమే. అది మొదటి వాక్యం. రాళ్ళకి సున్నం అతిథి మర్యాద కోసం, తెలియక వేసింది. అది రెండోది. హత్య లేదు. బేడీలు తీయండి."

"నీ ఉద్యోగం పోతుంది. జైలు కూడా."

"తెలుసు."

రోయీన్ తాళంచెవి తీసి జవాను మీదికి విసిరి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు బయటికి తీశాడు. ఈసారి ఆ కాగితాన్ని బెదిరించేవాడిలా కాక, పనివాడిలా చదివాడు.

"కాపీలన్నీ ఒక్కసారే తీశానన్నావు. ఇలాంటివి ఎన్ని?"

పొద్దున్నుంచీ ఆమె ఒక్క కాగితం గురించే కుమిలిపోయింది. రెండోదాని గురించి ఆలోచించడానికి ధైర్యం లేక కాబోలు, ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంది.

"అయిదు."

"ఎవరెవరికిచ్చావు?"

"మూడు నా సొరుగులోనే ఉన్నాయి. ఒకటి చనిపోయినాయనకి. ఇంకొకటి బుధవారం... ఒక జంట. పక్క లోయలో రష్యావాళ్ళ స్థావరం చూస్తామన్నారు. ఇవాళే. గైడు వద్దన్నారు, మ్యాపుందిగా అన్నారు."

ఇవజ్ బేడీలు ఊడిన మణికట్లు రుద్దుకుంటూ ఆగిపోయాడు. "పక్క లోయలోకి మందుపాతరలు తీసేవాళ్ళు ఇంతవరకూ రాలేదు సాహిబా. అక్కడ అసలు రాళ్ళే లేవు. తెల్లవీ లేవు, ఎర్రవీ లేవు."

అనుమతి దరఖాస్తులో రాయించుకున్న ఫోను నంబరు నోటుబుక్కులో ఉంది. ఆమె నొక్కింది. ఒకసారి కలవలేదు. రెండోసారి మోగింది. అయిదో మోతకి ఎవరో ఎత్తారు, ఆడగొంతు. వెనక గాలి, ఎవరిదో నవ్వు.

"ఓ, లెఫ్టినెంట్! మీ మ్యాపు చాలా బాగుంది. స్థావరం కనపడుతోంది. మా ఆయన ముందు పోతున్నాడు, ఫోటోలు తీస్తున్నాడు, ఇప్పుడే..."

"ఆయన్ని పిలవండి. ఇద్దరూ ఉన్నచోటే నిలబడిపోండి," అంది మాహ్‌రుఖ్. అప్పటికే జీపు వైపు పరుగెత్తుతోంది. ఇవజ్ ఆమె పక్కనే ఉన్నాడు. రోయీన్ సిగరెట్టు పారేసి లేచాడు. "ఒక్క అడుగు కూడా వేయకండి. ఆ మ్యాపు తప్పు. ఇచ్చింది నేనే. నేను వచ్చేదాకా కదలకండి."

అవతల నవ్వు ఆగింది. ఆ ఆడగొంతు భర్తని పేరు పెట్టి పిలవడం వినపడింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి, ఇంకా గట్టిగా.